డ్రాగన్ దళములో ఒక లెఫ్టినెంటు

1794వ సంవత్సరము జూన్ 26వ తేదీన, నేటి బెల్జియము దేశములోని ఫ్లూరస్ అను ఊరివద్ద ఫ్రెంచి సేనలు ఆస్ట్రియా పక్షపు సేనలతో పోరాడుచుండగా, రణరంగముపైన ఒక పెద్ద పట్టుగుడ్డ సంచి గంటల తరబడి నిలిచియుండెను. అది ఉదజని నింపిన బుడగ. దానికి కట్టిన తాళ్లను క్రింద సైనికులు పట్టుకొనియుండిరి. బుట్టలోనున్నవారు శత్రువుల కదలికలను చూచి, చీటీలు వ్రాసి క్రిందికి జారవిడుచుచుండిరి. ఆ బుడగల దళమునకు కెప్టెనైన కూటెల్ కత్తి తిప్పి ఆ పదవికి వచ్చినవాడు కాడు. ఎర్రగా కాల్చిన ఇనుముపై నీటి ఆవిరిని పంపి ఉదజనిని తయారుచేయు పద్ధతి ప్రతి ఉన్నత పాఠశాల విద్యార్థికిని తెలిసినదే. దానిని పెద్ద ఎత్తున సాధించి చూపుటయే అతనిని అక్కడికి చేర్చినది. 1799లో ఆ దళము రద్దయినది. నెపోలియన్ యుద్ధములు ముమ్మరముగా సాగిన కాలములో ఏ దేశమునకును చెప్పుకోదగిన వైమానిక దళము లేదు.

ఉన్నచో ఎట్లుండెడిది? బుడగకు బదులు ఇరువది టన్నుల బరువుగల, ఎగురునట్టి, మాటలాడునట్టి జంతువు ఆ సైన్యముల చేతిలో ఉన్నచో ఏమయ్యెడిది? అమెరికా రచయిత్రి నయొమి నోవిక్ ఈ ప్రశ్నను తీసుకొని 2006 మొదలు 2016 వరకు తొమ్మిది నవలలు వ్రాసినది. మొదటి దానిని ఇంగ్లండులో ‘టెమెరేర్’ అనియు, అమెరికాలో ‘హిజ్ మెజెస్టీస్ డ్రాగన్’ అనియు ప్రకటించిరి. రచయిత్రి సాహిత్యముతోపాటు కంప్యూటరు శాస్త్రము కూడ చదివినది. ఒక ఊహను అంగీకరించిన పిమ్మట దాని ఫలితములను వరుసగా లెక్కవేసికొనుచు పోవు అలవాటు ఈ నవలలలో అడుగడుగునను కనిపించును. ఆ లెక్క ఎక్కడ సరిపోయినదో, ఎక్కడ తప్పినదో చూచుట విజ్ఞానశాస్త్రము బోధించువారికి పనికివచ్చు పని. విద్యార్థులు ఇట్టి పుస్తకములను ఎట్లును చదువుదురు. చదివినవారు అడుగు ప్రశ్నలు తరగతిగదికి రాక మానవు.

కథ క్లుప్తముగా ఇది. బ్రిటిషు నౌకాదళములో కెప్టెను లారెన్స్ ఒక ఫ్రెంచి యుద్ధనౌకను పట్టుకొనును. అందులో ఒక డ్రాగన్ గ్రుడ్డు దొరకును. అది పొదిగి పిల్ల బయటికి వచ్చు సమయము దగ్గరపడినది. తీరము దూరము. ఆ లోకములో ఒక నియమము కలదు: గ్రుడ్డు పగిలిన వెంటనే పిల్ల ఎవరో ఒకరి చేతి నుండి జీనును స్వీకరింపవలెను, లేనిచో అది అడవి మృగమైపోవును. ఓడలోని అధికారులు చీట్లు వేసికొందురు. చీటి ఒక కుర్ర మిడ్‌షిప్‌మన్ పేర వచ్చును. కాని పిల్ల ఆ కుర్రవానిని లెక్కచేయక నేరుగా కెప్టెను వద్దకు పోవును. లారెన్స్ దానికి టెమెరేర్ అని పేరు పెట్టును. ఆ పేరు నిజముగా ఒక ఓడది. 1805లో ట్రఫాల్గర్ వద్ద పోరాడిన ఆ ఓడను, చివరకు విరుగగొట్టుటకు లాగుకొనిపోవుచుండగా టర్నర్ వేసిన చిత్రము 1839లో ప్రదర్శింపబడినది. ఆ ఒక్క క్షణముతో లారెన్స్ నౌకాదళము వదలవలసి వచ్చును, పెండ్లి తప్పిపోవును, తండ్రి మొగము చూడడు. వైమానికులనిన సంఘములో ఎవరికిని గౌరవము లేదు.

అయితే విమర్శకులెల్లరు లారెన్స్ చుట్టునే తిరుగుదురు గాని, ఉద్యోగోన్నతి అను విషయము తెలియవలెననిన చూడవలసిన పాత్ర మరియొకటి కలదు. అతడు లెఫ్టినెంట్ జాన్ గ్రాన్బీ. చిన్ననాటి నుండి ఆ దళములోనే పెరిగినవాడు. ఆ దళములో క్యాడెట్, ఎన్‌సైన్, మిడ్‌వింగ్‌మన్, లెఫ్టినెంట్ అను మెట్లు వరుసగా కలవు. పెద్ద డ్రాగన్ వీపుపై ఒక చిన్న ఓడ సిబ్బంది అంతమంది యుందురు: తుపాకులు పేల్చువారు, బాంబులు జారవిడుచువారు, తోలుపట్టెలు చూచువారు, కాపలావారు, వార్తలు మోయు పిల్లలు. ప్రతివాడును నడుమునకు కట్టుకొన్న పట్టెను కొక్కెముతో జీనుకు తగిలించుకొని, ఒక కొక్కెము విప్పునప్పుడు రెండవది తగిలియుండునట్లు చూచుకొనవలెను. ఈ వివరములన్నియు ఆనాటి నౌకాదళపు జీవితము నుండి శ్రద్ధగా తీసినవి. అందులకే అవి నమ్మకము కలిగించును.

గ్రాన్బీ మొదట లారెన్సును ద్వేషించును. అందుకు కారణము న్యాయమైనదే. టెమెరేరును లారెన్స్ నుండి తప్పించి తన స్నేహితుడైన ఒక లెఫ్టినెంటునకు అప్పగింప జూచిరి, డ్రాగన్ ఒప్పుకొనలేదు. ఏండ్ల తరబడి పనిచేసి, డ్రాగనుల గురించి సమస్తము నేర్చి, వరుసలో నిలిచియున్న వారిని కాదని, ఒక్క దినము కూడ ఆ శిక్షణ పొందని ఓడ కెప్టెనుకు అరుదైన జంతువు దక్కినది. పరీక్షకు సంవత్సరమంతయు చదివిన విద్యార్థికి ఆ బాధ ప్రత్యేకముగా వివరింప నక్కరలేదు. ఆ తరువాత, గాయపడిన మరియొక డ్రాగనును టెమెరేర్ గాలిలోనే క్రిందినుండి ఎత్తిపట్టుకొని తీసికొనివచ్చు ఘట్టము వచ్చును. అప్పుడు గాయపడిన జంతువు వీపుపై ఉన్నది గ్రాన్బీయే. అతడు పని చేసిన తీరును లారెన్స్ చూచును. లారెన్స్ గుణమును అతడు చూచును. గ్రాన్బీ టెమెరేర్ సిబ్బందిలో మొదటి లెఫ్టినెంటగును. మూడవ నవల చివర డాంజిగ్ ముట్టడిలో టర్కీ నుండి తెచ్చిన గ్రుడ్డు పగిలి, నిప్పులు క్రక్కు ఆడ డ్రాగన్ ఇస్కియెర్కా బయటికి వచ్చును. అది గ్రాన్బీని ఎన్నుకొనును. అతడు కెప్టెనగును.

ఈ మెట్లవరుసలో ఒక విచిత్రము కలదు. లెఫ్టినెంటు వరకు ఎక్కుట పనితనము వలన. ఆపై ఒక్క మెట్టు మాత్రము మనుష్యుల చేతిలో లేదు. నిజచరిత్రలో బ్రిటిషు నౌకాదళమున లెఫ్టినెంటు పదవికి పరీక్షను 1677లో శామ్యూల్ పెపిస్ ప్రవేశపెట్టెను. ఆ పైపదవులకు మాత్రము పెద్దల దయ కావలసియుండెను. పదాతిదళమునను అశ్వదళమునను అధికారపదవులను సొమ్మిచ్చి కొనుక్కొను పద్ధతి 1871 వరకు సాగెను. నోవిక్ ఈ రెండింటి స్థానమునను ఒక జంతువు ఇష్టమును పెట్టినది. డబ్బుకు లొంగదు, సిఫారసుకు లొంగదు. పైకి చూచిన ఇంతకంటె న్యాయమైన ఏర్పాటు లేదనిపించును. కాని డ్రాగనులు మనుష్యులకంటె ఎన్నియో రెట్లు దీర్ఘాయువులు. కెప్టెను చనిపోయిన తరువాత దుఃఖించు డ్రాగన్ ఆ కెప్టెను బిడ్డనే సులభముగా అంగీకరించును. కాబట్టి దళము కెప్టెనులను బిడ్డలను కనుమని ప్రోత్సహించును. ఆమ్లము చిమ్ము లాంగ్‌వింగ్ జాతి డ్రాగనులు స్త్రీలను తప్ప కెప్టెనులుగా ఒప్పుకొనవు. అట్టి ఒక కెప్టెనైన జేన్ రోలండ్ కుమార్తె ఎమిలీ, టెమెరేర్ సిబ్బందిలో వార్తలు మోయు పిల్లగా ఉద్యోగము ప్రారంభించును. తల్లి డ్రాగన్ ఎప్పటికైనను ఆమెకు రావలసినదే. ఎమిలీ మెట్లన్నియు నిజాయితీగా ఎక్కుచున్నను, పై మెట్టు పుట్టుకతోనే ఆమెకు కేటాయింపబడియున్నది. గ్రాన్బీకి అట్టి తల్లి లేదు. పుట్టుకను తప్పించుటకు పెట్టిన ఏర్పాటు వెనుకద్వారము గుండా పుట్టుకనే తీసికొనివచ్చినదను ఈ సంగతిని రచయిత్రి ఎక్కడను ఉపన్యాసముగా చెప్పలేదు. అది ఆమె నేర్పు.

ఇక శాస్త్రము సంగతి. పుట్టిన వెంటనే ఎదుటనున్న వారితో విడరాని బంధము ఏర్పడుట కల్పన కాదు. కోడిపిల్లలు పుట్టిన కొలది కాలములోనే కదలుచున్న దేనినైనను వెంబడించునని 1873లోనే స్పాల్డింగ్ వ్రాసెను. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ బాతుపిల్లలలో దీనిని పరిశీలించి, 1935లో విపులముగా వివరించెను. అతని వెనుక వరుసగా నడచు బాతుపిల్లల ఛాయాచిత్రము చూడనివారు అరుదు. 1973లో టిన్‌బెర్గెన్, ఫాన్ ఫ్రిష్ అనువారితోపాటు అతనికి నోబెల్ బహుమానము లభించినది. ఈ బంధమునకు ఒక నిర్ణీతమైన గడువు కలదు. అది దాటిన పిమ్మట ఏర్పడుట కష్టము. నోవిక్ పెట్టిన ‘వెంటనే జీను వేయవలెను’ అను నియమము దీనికి ప్రతిబింబమే. కాని బాతుపిల్ల ఎన్నుకొనదు. ఎదుటనున్నది ఏదైన దానికి సరిపోవును, చెక్కపెట్టె యైనను సరే. టెమెరేర్ ఎన్నుకొనును. ఆ ఎన్నికయే కథకు ప్రాణము గనుక ఈ తేడాను తప్పని లెక్కింపరాదు.

టెమెరేర్ గ్రుడ్డు నుండి మాటలాడుచునే బయటికి వచ్చును. పెంకులోపల ఉండగనే చుట్టుప్రక్కల వారి భాషను విని నేర్చినదట. తల్లి గర్భములో పద్మవ్యూహప్రవేశమును విన్న అభిమన్యుని కథ తెలిసినవారికి ఇది క్రొత్త కాదు. వింత ఏమనగా, నవల వెలువడిన ఆరు సంవత్సరములకు, 2012లో, ఆస్ట్రేలియాలోని ఒక చిన్న పిట్ట విషయములో ఇట్టిదే నిరూపింపబడినది. ఫెయిరీ రెన్ అను ఆ పిట్ట పొదుగునప్పుడు ఒక ప్రత్యేకమైన కూత కూయును. పిల్లలు గ్రుడ్డులోనుండగనే దానిని నేర్చి, బయటికి వచ్చిన తరువాత ఆ కూతతోనే ఆహారమడుగును. గూటిలో కోకిలజాతి పక్షి పెట్టిపోయిన పిల్లలను గుర్తుపట్టుటకు అది తోడ్పడునని పరిశోధకుల అభిప్రాయము. ఒక కూత వేరు, ఇంగ్లీషు వ్యాకరణము వేరు, నిజమే. అయినను దిక్కు సరియైనదే.

ఇంతవరకు రచయిత్రికి మార్కులు వేయవచ్చును. తగ్గింపవలసిన చోటు బరువు.

మొదటి నవలకు అనుబంధముగా, డ్రాగన్ జాతులపై ఆనాటి పండితుడొకడు వ్రాసినట్లు కల్పించిన వ్యాసము కలదు. పెద్దజాతి డ్రాగనులు యాభై టన్నుల వరకు తూగునని అందు చెప్పబడినది. అంత బరువు ఎట్లెగురునను సందేహమునకు సమాధానముగా శరీరములోని వాయుకోశములను చూపి, ఫ్రెంచి శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు కువియే పేరు కూడ తెచ్చిరి. కువియే కల్పితవ్యక్తి కాడు. నిజముగా ఎగిరిన సరీసృపము యొక్క శిలాజమును గుర్తించి, 1809లో దానికి టెరొడాక్టిల్ అను పేరు పెట్టినవాడు అతడే. అట్టి పేరును తెచ్చి నిలిపిన చోట వివరణ తప్పుగా ఉండుట బాధాకరము. ఎందుకనగా విద్యార్థి ఈ వాక్యమును కథగా చదువడు, శాస్త్రముగా చదువును. పైగా పావురము శరీరములో తొమ్మిది వాయుకోశములు ఉండునని జంతుశాస్త్రములో చదివియుండుటచే, అవి పక్షిని బుడగవలె తేల్చునను అపోహ అతనికి ముందే ఉండవచ్చును. నవల దానిని గట్టిపరచును.

వాయుకోశములు తేల్చవు. అవి ఊపిరితిత్తులలో గాలి ఒకే దిక్కుగా ప్రవహించునట్లు చేయును. వేడిని బయటికి పంపుటకు తోడ్పడును. వానిలో నున్నది గాలియే, బయటనున్నదియు గాలియే. గాలిలో గాలిసంచి తేలునా? లోపలి గాలి కొంచెము వెచ్చగా ఉండుటవలన కలుగు లాభము లెక్కింపదగినది కాదు. చేపకు గాలితిత్తి పనిచేయుచున్నదిగదా అని ఒక విద్యార్థి అడుగవచ్చును. నీరు గాలికంటె సుమారు ఎనిమిది వందల రెట్లు సాంద్రమైనది. నీటిలో ఒక లీటరు గాలి దాదాపు ఒక కిలోగ్రాము బరువును మోయును. గాలిలో ఒక లీటరు శూన్యము కూడ ఒక గ్రాము పైచిలుకు మాత్రమే మోయగలదు.

ఆర్కిమీడిస్ సూత్రముతో ఈ లెక్కను నల్లబల్లపై చేయించవచ్చును. ఇరువది టన్నుల జంతువు సాంద్రత నీటి సాంద్రతకు సమానమైన, దాని పరిమాణము 20 ఘనమీటర్లు. వాయుకోశములు ఉబ్బి శరీరము అయిదింతలై 100 ఘనమీటర్లకు పెరిగినదనుకొందము. ఘనమీటరు గాలి 1.2 కిలోగ్రాములు తూగును గనుక అది తొలగించు గాలి బరువు 120 కిలోగ్రాములు. ఇరువది వేల కిలోగ్రాములలో నూట యిరువది! నూటికి ఒక పాలు కూడ లేదు. పోనీ, కోశములలో ఉదజనియే ఉన్నదని ఒప్పుకొందము. సగము బరువును తేల్చవలెననినను సుమారు 9,000 ఘనమీటర్ల ఉదజని కావలెను. అది 26 మీటర్ల వ్యాసము గల గోళము. ఫ్లూరస్ మీది బుడగ వ్యాసము అందులో సగము కూడ లేదు. అది మోసినది ఇద్దరు మనుష్యులను.

రెక్కల బలముతోనే ఎగిరెనందురా? 1638లో గెలీలియో ప్రకటించిన సూత్రము అడ్డుపడును. పొడవు రెట్టింపైనచో వైశాల్యము నాలుగు రెట్లగును, బరువు ఎనిమిది రెట్లగును. అనగా రెక్కపై ప్రతి చదరపు మీటరును మోయవలసిన భారము రెట్టింపగును. ఆల్బట్రాస్ అను సముద్రపక్షి బరువు 9 కిలోగ్రాములు, రెక్కల విస్తీర్ణము సుమారు 0.6 చదరపు మీటరు, భారము చదరపు మీటరుకు 15 కిలోగ్రాములు. ఇది గాలిలో నిలువవలెననిన సెకనుకు సుమారు 13 మీటర్ల వేగము కావలెను. అదే ఆకారమును ఇరువది టన్నులకు పెంచినచో పొడవు 13 రెట్లగును. రెక్కల కొననుండి కొనకు 42 మీటర్లగును. భారము చదరపు మీటరుకు దాదాపు 200 కిలోగ్రాములగును. కావలసిన వేగము భారము యొక్క వర్గమూలమునుబట్టి పెరుగును గనుక సెకనుకు 47 మీటర్లు, అనగా గంటకు 170 కిలోమీటర్లు. విమానమునకువలె దీనికిని పరుగుబాట కావలెను. టెమెరేర్ అయితే ఓడ పైతట్టు నుండి ఎగురును. ఆకాశములో ఒకేచోట నిలిచియు ఉండగలదు.

ప్రకృతి ఈ పరీక్షను ముందే చేసియున్నది. 1971లో టెక్సాసులో ఎముకలు దొరికిన క్వెట్జల్‌కొయాట్లస్ అను ఎగురు సరీసృపమునకు రెక్కలు పది మీటర్లకు పైబడి సాగును. అయినను దాని బరువు పావు టన్ను వరకు ఉండునని అంచనా. నేడు బ్రదికియున్న ఎగురు పక్షులలో మిక్కిలి బరువైనవానిలో బట్టమేక పక్షి ఒకటి. దానికొరకు కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో 1988లో అభయారణ్యమును ఏర్పరచిరి. అదియు పదిహేను కిలోల చుట్టుప్రక్కలనే ఆగును. జంతువుల పరిమాణమును గురించి 1926లో హాల్డేన్ వ్రాసిన వ్యాసము ఇప్పటికిని ఉపాధ్యాయులు చదువదగినది. ఆయన తరువాత భారతదేశమునకు వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వరములో మరణించెను.

డ్రాగన్ ఎగురుటయే తప్పని చెప్పుట విమర్శ ఉద్దేశము కాదు. హనుమంతుడు సముద్రము దాటినప్పుడు కండరముల శక్తిని ఎవరును అడుగరు. ఎగురునని చెప్పి ఊరకొనినచో పాఠకుడు ఒప్పుకొనును. కారణము చెప్పుటకు పూనుకొన్నప్పుడే కారణమునకు పరీక్ష మొదలగును.

ఇదే రచయిత్రి ఆహారము విషయములో ఎంత జాగ్రత్త చూపినదో గమనించిన, బరువు విషయములో చూపిన అలసత్వము మరింత విచారము కలిగించును. ప్రాణులు విశ్రాంతిలో ఖర్చుచేయు శక్తి, బరువు యొక్క నాలుగింట మూడవ ఘాతమునుబట్టి పెరుగునని 1932లో క్లైబర్ కనుగొనెను. ఇరువది టన్నుల డ్రాగన్ డెబ్బది కిలోల మనిషికి 286 రెట్లు బరువు. కాని దానికి కావలసిన ఆహారము 286 మందికి కావలసినంత కాదు, సుమారు 70 మందికి కావలసినంత మాత్రమే. అనగా దినమునకు రమారమి 1,18,000 కిలోకాలరీలు. పని చేయునప్పుడు దీనికి మూడు రెట్లనుకొన్నచో మూడున్నర లక్షలు. నాలుగు వందల కిలోల పశువులో సగము తినదగినదనియు, కిలోకు రెండు వేల కిలోకాలరీలనియు తీసికొన్న, నాలుగు లక్షలు. దినమునకు ఒక ఆవు! నవలలో డ్రాగనులు తినునది కూడ దాదాపు ఇంతే. రచయిత్రి ఈ సూత్రముతో లెక్క వేసినదో లేదో గాని ఫలితము ఆశ్చర్యకరముగా కుదిరినది.

అంతటితో ఆగలేదు. దినమున కొక ఆవు తిను జంతువులు వంద ఒకచోట చేరినచో ఆ జిల్లాలో పశువులు మిగులునా? యుద్ధతంత్రమంతయు దీనిపై ఆధారపడును. చైనా నుండి వచ్చిన వంటవాడు గాంగ్ సూ మాంసమును ధాన్యముతో కలిపి పెద్ద గుంటలలో ఉడికించి, తక్కువ పశువులతో ఎక్కువ డ్రాగనులను పోషించు ఉపాయము చూపును. పచ్చిమాంసమునకు అలవాటుపడిన బ్రిటిషు వైమానికులు దీనిని మొదట ఏవగింతురు. గంజిలో మాంసము వేయుట గొప్ప కల్పనయా అని నవ్వువారు నవ్వవచ్చును. ఆహారశ్రేణిలో ఒక మెట్టు క్రిందికి దిగినచో ఎంత శక్తి మిగులునో పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

డ్రాగన్ దళమును కల్పించిన మొదటి గొప్ప రచయిత్రి నోవిక్ కాదు. ఆన్ మెకాఫ్రీ వ్రాసిన పెర్న్ కథలలో మొదటిది 1967లో ‘అనలాగ్’ పత్రికలో వచ్చినది. ‘డ్రాగన్‌ఫ్లైట్’ నవల 1968లో వెలువడినది. తనవి మాయకథలు కావు, విజ్ఞానకల్పనలే యని ఆమె పట్టుపట్టెడిది. అక్కడ ఉద్యోగోన్నతి ఇంకను నిర్దయమైనది. దళనాయకుని ఎవరును నియమింపరు. రాణి డ్రాగన్ జంటగా ఏ కంచురంగు డ్రాగనును పొందునో దాని స్వారి నాయకుడగును. ఫ్లార్ అను యువకుడు ఎన్నియేండ్లు శ్రమించి శత్రువు రాకను లెక్కకట్టినను, అతని డ్రాగన్ ఆ ఒక్క ఆకాశపు పందెములో గెలువకపోయినచో అతని మాట వినువాడు లేడు.

నిప్పు విషయములో మాత్రము మెకాఫ్రీ నోవిక్ కంటె ఒక అడుగు ముందున్నది. పెర్న్ డ్రాగనులు ఒక రాతిని నమలును; అది కడుపులోని ఆమ్లముతో కలిసి భాస్వరపు ఉదజని సమ్మేళనమైన ఫాస్ఫీన్ వాయువును ఇచ్చును; ఆ వాయువు గాలి తగులగనే మండును. తెల్ల భాస్వరమును క్షారముతో వేడిచేసి, నీటి నుండి పైకివచ్చు బుడగలు తెల్లని పొగవలయములుగా మారు ప్రయోగము కళాశాల విద్యార్థులకు తెలిసినదే. తనంత తాను అంటుకొనునది శుద్ధమైన ఫాస్ఫీన్ కాదు. దానితో కలిసియుండు డైఫాస్ఫీన్ దానిని అంటించును. కాబట్టి డ్రాగన్ కడుపు ఎంత అశుద్ధముగా పనిచేసిన అంత మేలు! అయితే ఫాస్ఫీన్ తీవ్రమైన విషము. ధాన్యపు గిడ్డంగులలో పురుగులను చంపుటకు వాడు బిళ్లలనుండి వచ్చునదియు ఇదే. ఆ విషము డ్రాగనునేల చంపదను ప్రశ్నకు ఆమె పుస్తకములలో తృప్తికరమైన సమాధానము లేదు.

నోవిక్ తరువాతి నవలలలో డ్రాగన్ గర్జనతో సముద్రమునే లేపి ఓడలను ముంచును. ఇది మితిమీరినది. పది మీటర్ల ఎత్తున, ఒక కిలోమీటరు పొడవున, రెండు వందల మీటర్ల వెడల్పున ఒక అలను లేపుటకు సుమారు 2,500 కోట్ల జౌలుల శక్తి కావలెను. పైన చెప్పిన దినపు ఆహారము 150 కోట్ల జౌలులకు మించదు. పదునేడు దినముల తిండి ఒక్క కేకలో పోవలెను, అదియు ఒక్క పిసరు వృథా కాకుండ. తొమ్మిది సంపుటములు నడుపుటకు ప్రతిసారి ఇంకను పెద్ద ఆయుధము కావలసివచ్చుట ఇట్టి ధారావాహికలకు సహజమైన జబ్బు. నడుమ సంపుటములలో ఖండములు దాటు ప్రయాణములు కూడ ఒకదానివలె ఒకటి ఉండి విసుగు పుట్టించును.

అయినను చదువరిని చివరివరకు నిలుపునది ఒకటి కలదు. మొదటి నవలలో లెవిటాస్ అను చిన్న డ్రాగన్ కలదు. దాని కెప్టెను గొప్ప వంశీయుడు. పని చేయించుకొనునే గాని దానిని పలుకరింపడు, జీను విప్పి కడుగడు. అది గాయపడి చనిపోవుచున్నప్పుడు లారెన్స్ ఆ కెప్టెనును బలవంతముగా దానివద్దకు తెచ్చును. ఆ ఘట్టము తరువాత, ఇంతకాలము మనుష్యుల హోదాలనే లెక్కించుచున్న పాఠకునికి, డ్రాగనుల హోదా ఏమని సందేహము కలుగును. ఎగురునది అది, పోరాడునది అది, గాయపడునది అది. క్యాడెట్ మొదలు అడ్మిరల్ వరకు మెట్లన్నియు దాని వీపుపైనే కట్టబడినవి. దానికి మాత్రము జీతము లేదు, పదవి లేదు. రెండవ నవలలో చైనా చేరి, అక్కడ డ్రాగనులు చదువుకొనుచు, డబ్బు సంపాదించుకొనుచు, వీధులలో తిరుగుట చూచిన టెమెరేర్ ఈ ప్రశ్నను తానే అడుగ నారంభించును. నెపోలియన్ ఇంగ్లండుపై దండెత్తిన అయిదవ నవలలో కెప్టెనులు లేని డ్రాగనులను కూడగట్టి దళము నిర్మించును. సైన్యమునకు గత్యంతరము లేక దానికి కర్నల్ హోదా ఇచ్చును.

గ్రాన్బీ గతి ఈ వెలుగులో మరియొక రీతిగా కనిపించును. కోరుకొన్న కెప్టెను పదవి వచ్చినది. దానితో ఇస్కియెర్కా వచ్చినది. అది ఆజ్ఞ వినదు, యుద్ధములో దోపిడి సొమ్ము కొరకు వరుస తప్పి పోవును, ఆ సొమ్ముతో తన కెప్టెనుకు బంగారు జరీ కోట్లు కుట్టించి అందరియెదుట తొడిగించును. చివరకు అతనిని ఇంకా సామ్రాజ్ఞికిచ్చి పెండ్లి చేయుటకు కూడ సిద్ధపడును. దళములో లెఫ్టినెంటుగా ఉన్నంతకాలము అతనికి పైన ఒక్క లారెన్స్ మాత్రమే ఉండెను. కెప్టెనైన నాటినుండి అతని పై అధికారి తాను ఎక్కి కూర్చున్న జంతువే.